స్లీప్ ఆప్నియా మౌత్‌పీస్: పళ్ల అచ్చుతో చేయించుకున్నదే మేలు

నిద్రలో గొంతులో గాలిదారి మూసుకుపోయి ఊపిరి ఆగి ఆగి రావడమే స్లీప్ ఆప్నియా. కింది దవడను ముందుకు నిలిపి ఆ దారి తెరిచి ఉంచడమే ఈ మౌత్‌పీస్ పని. ఆ లాగుడంతా చెవి ముందుండే దవడ కీలు మీద, నమిలే కండరాల మీద పడుతుంది. నొప్పి అక్కడే మొదలవుతుంది.

వేడినీళ్లలో మెత్తబరిచి, కొరికి పళ్ల ఆకారం తెచ్చుకునే చవక రకాన్ని మేం సిఫారసు చేయం. వాటిలో చాలావరకు దవడ ఒకే చోట బిగుసుకుపోతుంది, ఎంత ముందుకొచ్చిందో కొలత ఉండదు. డెంటిస్టు అచ్చు తీసి చేయించే రెండు ముక్కల రకం ఖరీదైనదే, కానీ పక్కనున్న స్క్రూతో మిల్లీమీటరులో కొంత చొప్పున జరపొచ్చు. దవడ ముందుకు రాగలిగిన దూరంలో దాదాపు సగం దగ్గర మొదలుపెట్టి, వారానికి కాస్త జరపడం మంచిది. గురక త్వరగా తగ్గాలని ఒకేసారి తిప్పేస్తేనే అసలు బాధ.

పొద్దున కాసేపు నొప్పి ఉండి, కొన్ని వారాల్లో తగ్గితే మామూలే. మధ్యాహ్నం దాకా ఉన్నా, నోరు తెరుచుకోకపోయినా స్క్రూ వెనక్కి తిప్పించాలి. లేచాక వెనక పళ్లు కలవకపోతే, డెంటిస్టు ఇచ్చే చిన్న బిళ్లను కొరికిపట్టే వ్యాయామం తప్పనిసరి. ఏళ్లు గడిస్తే పై పళ్లు, కింది పళ్లు కలిసే తీరు శాశ్వతంగా మారొచ్చు. గురక ఆగినంత మాత్రాన ఆప్నియా తగ్గినట్టు కాదు, మౌత్‌పీస్ పెట్టుకునే మళ్లీ స్లీప్ స్టడీ (నిద్రలో ఊపిరి తీరును కొలిచే పరీక్ష) చేయించుకోవాలి.