ట్రెంటో పాత ఊరిలో ఒక చిన్న హోటల్: దీర్ఘకాల బస తరువాత సమీక్ష

ఉత్తర ఇటలీలో ఆల్ప్స్ కొండల నడుమ, అదీజె నది ఒడ్డున ఉన్న ట్రెంటో నగరానికి నేను కొన్నేళ్లుగా పని మీద వెళ్తున్నాను. నగరానికి తూర్పున పోవో కొండ మీద విశ్వవిద్యాలయపు విజ్ఞానశాస్త్ర విభాగాలు, బ్రూనో కెస్లెర్ ఫౌండేషన్ పరిశోధనశాలలు ఉన్నాయి. అక్కడి పనికి వారాల తరబడి ఉండవలసి రావడం వల్ల, పాత ఊరి నడిబొడ్డున ఒక కుటుంబం నడుపుకుంటున్న రెండు నక్షత్రాల హోటల్లోనే ప్రతిసారీ దిగుతూ, అక్కడి ఎండనూ చలినీ వాననూ ఆ గదుల్లోంచే చూశాను. ఒకటి రెండు రాత్రులు గడిపి వెళ్లే యాత్రికుడికీ, అక్కడే బట్టలు ఉతుక్కుని పని చేసుకుంటూ ఉండేవారికీ హోటల్ ఒకే తీరుగా కనిపించదు. ఈ సమీక్ష రెండో రకం వారి కోసం, ముఖ్యంగా చదువులకూ పరిశోధనలకూ మన ప్రాంతాల నుంచి ఆ ఊరికి వచ్చేవారి కోసం రాస్తున్నాను. ట్రెంటోలో ఎక్కువ కాలం ఉండేవారు గది సొగసు కన్నా హోటల్ ఉన్న చోటునూ, దాన్ని నడిపేవారి తీరునూ చూసుకోవాలన్నది నా అభిప్రాయం. ఆ రెండింటిలోనూ ఈ హోటల్‌కు నేను మంచి మార్కులే వేస్తాను. వేసవి ఉక్క విషయంలోనూ, శాకాహారుల భోజనం విషయంలోనూ మాత్రం ముందే తెలిసి వెళ్లడం అవసరం.

ముందుగా చోటు సంగతి. వెరోనా నుంచి రైల్లో సుమారు గంటలో ట్రెంటో చేరుకోవచ్చు. 1930లలో ఆంజొలో మజ్జోని రూపకల్పన చేసిన స్టేషన్ నుంచి బయటికి రాగానే ఎదురుగా తోట, ఆ తోటలో 1896లో నెలకొల్పిన డాంటే విగ్రహం కనిపిస్తాయి. ట్రెంటో 1918 దాకా ఆస్ట్రియా పాలనలో ఉండేది కనుక, ఇటాలియన్ భాషకు ప్రతీక అయిన కవి విగ్రహాన్ని ఊరి ముంగిట నిలబెట్టడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. అక్కడి నుంచి హోటల్‌కు నడిచే వెళ్లవచ్చు. అయితే పాత ఊరి వీధులకు ఈ ప్రాంతపు గనుల్లో దొరికే ఎర్రటి పోర్ఫిరీ రాయి పరిచి ఉంటుంది. చక్రాల సూట్‌కేసును ఆ రాళ్ల మీద లాగడం కష్టం. బరువు ఎక్కువగా ఉంటే స్టేషన్ ముందే టాక్సీ ఎక్కడం మేలు. నడిబొడ్డు వీధుల్లోకి బయటి కార్లకు అనుమతి లేదు. అద్దె కారుతో వచ్చేవారు అనుమతి గురించీ, కారు నిలిపే చోటు గురించీ హోటల్ వారిని ముందే అడగాలి, లేకపోతే కెమెరాలు నంబరు పట్టి జరిమానా పంపిస్తాయి. ఈ ఆంక్ష వల్లనే రాత్రిళ్లు వీధిలో హారన్ మోత, ఇంజిన్ల రొద ఉండవు. పొద్దున్నే పోవోకు వెళ్లే 5వ నంబరు బస్సు కోసం కొద్దిపాటి నడక చాలు.

గది చిన్నది. ఒక్కరి మంచం, సన్నని బీరువా, కుర్చీ, గోడకు ఆనించిన చిన్న బల్ల. వీటి మధ్య సూట్‌కేసు తెరిచి పెడితే నడవడానికి దారి ఉండదు. నేను ఎక్కువ రోజులు ఉంటానని తెలిశాక యజమానురాలు తానే కింది అంతస్తు నుంచి వెడల్పాటి రాతబల్ల వేయించారు. అడిగితే ఇటువంటి సర్దుబాట్లు చేస్తారు కానీ అడగాలి. గోడలు మందంగా ఉన్నందున పక్కగది మాటలు వినిపించవు. చెక్క నేల మాత్రం పై అంతస్తులో ఎవరు నడిచినా చెబుతుంది. స్నానాల గది ఇరుకైనా శుభ్రంగా ఉంటుంది, వేడినీళ్లు ఏ వేళ తిప్పినా వస్తాయి. మన ఇళ్లలోలాగా బకెట్టు, మగ్గు ఉండవు, అయితే కమోడ్ పక్కనే నీళ్లతో కడుక్కోవడానికి బిడె అనే చిన్న తొట్టి ఉంటుంది. ఇటలీలో అది దాదాపు ప్రతి చోటా ఉండడం మనవారికి పెద్ద సౌకర్యం. షవర్ దగ్గర వేలాడే తాడు బట్టలు ఆరేసుకోవడానికి కాదు, ఎవరైనా జారిపడితే సహాయం కోసం లాగేందుకు. దాన్ని లాగితే రిసెప్షన్‌లో గంట మోగుతుంది. నీళ్లు కాచుకునే కెటిల్ గదిలో ఉండదు. గోడ ప్లగ్గుల్లో మన రెండు పిన్నుల ఛార్జర్లు పడతాయి, మూడు లావు పిన్నులవి పట్టవు కనుక అడాప్టర్ వెంట తెచ్చుకోవాలి. కుళాయి నీళ్లు నిశ్చింతగా తాగవచ్చు. నేను సీసాల నీళ్లు కొన్న సందర్భాలు బహు తక్కువ.

వేసవి గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఆల్ప్స్ అనగానే మనకు మంచు గుర్తుకు వస్తుంది. ట్రెంటో చుట్టూ రెండు వేల మీటర్ల శిఖరాలు ఉన్నా, ఊరు మాత్రం సముద్రమట్టానికి 194 మీటర్ల ఎత్తులో, లోయ అడుగున ఉంది. జులైలో మధ్యాహ్నం ముప్పై డిగ్రీలు దాటడం మామూలు, కొన్ని రోజులు అంతకన్నా బాగా ఎక్కువే. ఈ హోటల్లో ఏసీ లేదు. చారిత్రక భవనాల ముఖభాగాల మీద యంత్రాలు బిగించడానికి అనుమతి దొరకడం కష్టమని యజమానులు చెబుతారు. ఆ మాట నమ్మదగినదే, కానీ పై అంతస్తులో కప్పు కింద పడుకున్నవారికి ఆ సమాధానం చల్లదనాన్ని ఇవ్వదు. మొదటి, రెండో అంతస్తుల గదుల్లో ఉక్క కొంత భరించదగ్గది. ఊరివారి పద్ధతి పాటిస్తే చాలా తేడా కనిపిస్తుంది: పొద్దున ఎండ పడకముందే కిటికీలు మూసి, బయటి చెక్క రెక్కలు కూడా వేసి గదిని చీకటిగా ఉంచుతారు, మధ్యాహ్నం తరువాత గార్డా సరస్సు వైపు నుంచి ఓరా అనే గాలి కొండల సందుల గుండా ఊరిలోకి దిగుతుంది, అప్పుడు అన్నీ తెరుస్తారు. ఆ గాలి వీచిన సాయంత్రాలు నిజంగా హాయిగా ఉంటాయి. అయితే కిటికీ తెరిస్తే కింది బార్ల ముందు నిలబడి తాగుతూ మాట్లాడుకునే విద్యార్థుల గొంతులు అర్ధరాత్రి దాకా వినపడతాయి. నిద్ర తేలికగా చెదిరేవారు వీధి వైపు గది కాక, లోపలి ముంగిలి వైపు గది అడగాలి; అక్కడ వెలుతురు తక్కువైనా నిశ్శబ్దం దొరుకుతుంది.

చలికాలంలో ఇదే హోటల్ నాకు ఎంతో నచ్చింది. గోడలు వేడిని పట్టి ఉంచుతాయి, రేడియేటర్లు చక్కగా పని చేస్తాయి, ఉతికి పిండిన చొక్కా తెల్లవారేసరికి ఆరిపోతుంది. ఒక జనవరిలో బాయిలర్ చెడిపోయినప్పుడు ఇంటివారు సాయంత్రంలోగా ప్రతి గదికీ విద్యుత్ హీటర్, అదనపు దుప్పటి చేర్చారు. ఎవరూ గట్టిగా అడగవలసిన అవసరం రాలేదు. చలికాలంలో ఇబ్బంది చలితో కాదు, వెలుతురుతో. పడమటి వైపు బోండోనే పర్వతం ఎత్తుగా నిలబడి ఉండడం వల్ల సూర్యుడు త్వరగా దాని వెనక్కి వెళ్లిపోతాడు. లోయలో నీడ కమ్ముకున్న తరువాత కూడా ఎదుటి పోవో కొండ మీద ఎండ ఉంటుంది. ఎండకు అలవాటుపడిన మనవారికి ఆ నెలల్లో మనసు మందగించడం సహజం. ఆదివారాలు కొండ మీదికి వెళ్లి రావడం నాకు మందులా పని చేసింది.

నడిపేవారి గురించి. భర్త పొద్దుటి పూట, భార్య సాయంత్రం పూట రిసెప్షన్‌లో ఉంటారు. రాత్రి పదకొండు తరువాత అక్కడ ఎవరూ ఉండరు, వీధి తలుపుకు వేరే తాళంచెవి ఇస్తారు. ఆలస్యపు రైల్లో వచ్చేవారు ముందుగా తెలియజేయాలి. దిగిన రోజున పాస్‌పోర్టు తీసుకుని వివరాలు రాసుకుంటారు. అతిథుల వివరాలు 24 గంటల్లో పోలీసు శాఖకు పంపడం ఇటలీలో ప్రతి హోటల్ బాధ్యత కనుక దానికి కంగారు పడనక్కర్లేదు. గది అద్దెకు తోడు రాత్రికి ఇంత అని బస పన్ను విడిగా కట్టాలి. ఇంగ్లీషు కొద్దిగా మాట్లాడతారు, కానీ పొద్దున కనబడగానే ఇటాలియన్‌లో పలకరించి నాలుగు మాటలు మాట్లాడితే వారి ముఖాలు విప్పారతాయి. నేను జ్వరపడిన రోజుల్లో ఆ యజమానురాలు టీ కాచి గదికి పంపి, మందుల దుకాణంలో ఏమి అడగాలో ఒక కాగితం మీద రాసి ఇచ్చారు. పెద్ద హోటళ్ల మర్యాదలో ఉండని దగ్గరితనం ఇది. ఇక్కడికి మళ్లీ మళ్లీ రావడానికి నాకు మొదటి కారణం ఇదే.

ఉదయపు ఫలహారం అద్దెలోనే కలిసి ఉంటుంది: కాఫీ, పాలు, రొట్టె, వెన్న, పండ్ల జామ్, పెరుగు, చీజ్, నోన్ లోయ నుంచి వచ్చే ఆపిల్ పండ్లు. పొగపట్టిన పంది మాంసం పలుచని ముక్కలు కూడా అదే బల్ల మీద ఉంటాయి కనుక పట్టింపు ఉన్నవారు ముందే చెబితే చీజ్ వేరే పళ్లెంలో తెచ్చి ఇస్తారు. పులుపు, కారం లేని ఆ ఫలహారం వారం దాకా బాగుంటుంది, ఆ తరువాత నాలుక ఊరుకోదు. గదుల్లో వంట నిషేధం. రైస్ కుక్కర్ తెచ్చుకుని దాచిపెట్టి వండుకునేవారిని నేను చూశాను. చెక్క నేలలున్న పాత ఇంట్లో అది ప్రమాదం, ఇంటివారి నమ్మకాన్ని పోగొట్టే పని కూడా. నేను పోవోలో క్యాంటీన్‌లో మధ్యాహ్న భోజనం చేసి, రాత్రికి పెరుగు, రొట్టె, పండ్లతో సరిపెట్టుకునేవాణ్ణి. ఇంటి నుంచి తెచ్చుకున్న కందిపొడి, గోంగూర పచ్చడి రొట్టెకు కూడా బాగానే కుదురుతాయి. గురువారాలు వీధుల్లో సంత జరుగుతుంది, తాజా కూరగాయలు, పండ్లు అక్కడ చూడదగ్గవి.

బయట భోజనం చేసే శాకాహారులకు ఈ ప్రాంతపు వంటల్లో కొన్ని పనికి వస్తాయి. పాత రొట్టెనూ పాలకూరనూ కలిపి చేసి, వెన్న, సేజ్ ఆకులతో వడ్డించే స్త్రాంగొలాప్రేతి అనే ఉండలు మంచివి, అయితే గుడ్డు కలుపుతారు. తురిమిన బంగాళాదుంపతో వేయించే తోర్తెల్ అట్టు, పుట్టగొడుగులతో వడ్డించే మొక్కజొన్న పొలెంతా కూడా అడగవచ్చు. కనెదెర్లి అనే రొట్టె ఉండల్లో చాలాసార్లు మాంసం ముక్కలు ఉంటాయి, పులుసు కూడా మాంసం రసంతోనే చేస్తారు. ఈ ప్రాంతపు గ్రానా చీజ్ కోసం పాలను దూడ పొట్ట నుంచి తీసిన పదార్థంతో విరగ్గొడతారు కనుక కఠిన శాకాహారులు దాన్ని కూడా వదలవలసి ఉంటుంది. మాంసం తినేవారికి ఇక్కడ ఏ లోటూ లేదు.

ఇన్ని సర్దుబాట్లు చేసుకుని పాత ఊరిలోనే ఎందుకు ఉండాలన్న ప్రశ్నకు నా జవాబు సాయంత్రాల్లో ఉంది. పని నుంచి తిరిగి వచ్చి, సంచి గదిలో పడేసి నాలుగైదు నిమిషాలు నడిస్తే దువోమో కూడలి వస్తుంది. మధ్యలో పద్దెనిమిదో శతాబ్దపు నెప్ట్యూన్ ఫౌంటెన్, పక్కన సాన్ విజీలియో ప్రధాన చర్చి, ఎదుట గోడల మీద బొమ్మలున్న ఇళ్లు. 1545 నుంచి 1563 వరకు విరామాలతో జరిగి కాథలిక్ మతం రూపురేఖలనే మార్చిన ట్రెంటో మహాసభ ఈ చర్చిలోనూ, దగ్గరలోని సాంతా మరియా మజ్జోరె చర్చిలోనూ సమావేశమైంది. బెలెన్‌జాని వీధిలో కుడ్యచిత్రాలను పొద్దు వాలే వేళ చూడాలి. ఒకప్పుడు అదీజె నది ఊరి అంచును ఒరుసుకుని వంపు తిరిగి పారేది. పంతొమ్మిదో శతాబ్దం మధ్యలో రైలు మార్గం కోసం దాన్ని పడమటికి మళ్లించారు. అందుకే తొర్రె వెర్దె అనే ఆకుపచ్చ కప్పు బురుజు నది కోసం కట్టినదైనా ఇప్పుడు రోడ్డు పక్కన నిలబడి ఉంది. ఇటువంటివి ఒక్కరోజు యాత్రలో కళ్ల ముందు నుంచి జారిపోతాయి, రోజూ అదే దారిన నడిచేవారికి మాత్రం ఊరు పొరలు పొరలుగా అర్థమవుతుంది.

రెండు రాత్రులైనా ఉండేవారికి హోటల్ వారు ఇచ్చే ట్రెంటీనో గెస్ట్ కార్డును తప్పక అడిగి తీసుకోవాలి. దానితో ఈ ప్రాంతపు బస్సులు, స్థానిక రైళ్లు ఉచితం, చాలా మ్యూజియంలూ కోటలూ అందులో కలుస్తాయి. బువోన్‌కొన్‌సీల్యొ కోటలోని తొర్రె ఆక్విలా బురుజులో సుమారు 1400 నాటి మాసచక్ర చిత్రాలు ఉన్నాయి: పన్నెండు నెలల్లో మార్చి నెల చిత్రం నశించింది, మిగిలిన పదకొండింటిలో రైతుల పనులు, ప్రభువుల వినోదాలు పక్కపక్కనే కనిపిస్తాయి. జనవరి చిత్రంలో మంచు ఉండలు విసురుకుంటున్న దొరలు, దొరసానులను చూసి, బయటికి వచ్చి నిజమైన మంచు కొండలను చూడడం నాకు తీరని ఆనందం. లోపలికి నిర్ణీత సమయాల్లో కొద్దిమందినే పంపుతారు కనుక ముందే అడగాలి. రెంజో పియానో రూపకల్పనలో 2013లో తెరిచిన మూసే విజ్ఞాన మ్యూజియం పిల్లలున్న కుటుంబాలకు ఒక రోజంతా సరిపోతుంది.

అద్దె విషయానికి వస్తే, నెల రోజుల బసకు మధ్యవర్తి సైట్ల కన్నా హోటల్‌కు నేరుగా రాస్తే మంచి ధర దొరికింది. నవంబరు చివరి నుంచి క్రిస్మస్ సంత జరిగే వారాల్లోనూ, ఆర్థికశాస్త్ర ఉత్సవం జరిగే రోజుల్లోనూ, జూన్ 26న ముగిసే సాన్ విజీలియో పండుగ దినాల్లోనూ గదులు దొరకవు, దొరికినా ధర పెరుగుతుంది. ఏడాది పొడవునా చదువుకునే విద్యార్థులకు ఈ హోటల్ సరైనది కాదు. వారు విద్యార్థుల వసతి చూసే ఓపెరా యూనివెర్సితారియా సంస్థ నడిపే సాన్ బార్తొలమేయో వంటి వసతి గృహాలకు ముందే దరఖాస్తు పెట్టుకుని, గది చేతికి వచ్చేదాకా మొదటి కొద్ది వారాలకు మాత్రం ఇటువంటి చోటు చూసుకోవచ్చు. మోకాళ్ల నొప్పులున్న తల్లిదండ్రులను వెంట తెచ్చేవారు లిఫ్ట్ ఇద్దరికే సరిపోతుందనీ, దాని దాకా వెళ్లడానికి కూడా కొన్ని మెట్లు ఎక్కాలనీ గుర్తుంచుకోవాలి. గది అడుగుతూ ఉత్తరం రాసేటప్పుడు మొదటి లేదా రెండో అంతస్తు, ముంగిలి వైపు కిటికీ, రాతబల్ల అని మూడు మాటలు రాయండి. జులై, ఆగస్టుల్లో అయితే ఫ్యాన్ కూడా అడగండి, వారి దగ్గర ఉన్నవి కొన్నే కనుక ముందు అడిగినవారికే ఇస్తారు.