మూడేళ్లుగా వీడియోలో పిల్లల సైకియాట్రిస్టు: టెక్కలి దగ్గర పల్లె నుంచి మా అనుభవం

మా బాబుకి ఇప్పుడు తొమ్మిదేళ్లు. ఆరో ఏట బడి నుంచి రోజూ ఒకటే ఫిర్యాదు: బెంచీ మీద కూర్చోడు, పక్కవాళ్ల పుస్తకాలు లాగేస్తాడు, చెప్పింది వినడు. మా అత్తగారు దిష్టి తీశారు, తాయెత్తు కట్టించారు. నేను కొట్టాను కూడా. అది తలుచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

ఒక రాత్రి టెన్షన్ తట్టుకోలేక 14416కి ఫోన్ చేశాను. 2022లో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ అది, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. డాక్టరుకి చూపించమని అక్కడే చెప్పారు. ఆ తర్వాత మాకు దగ్గరలోని ఒక క్లినిక్‌లో నెలకోసారి వీడియోలో చూపించడం మొదలుపెట్టాం. "ఏటి, పిచ్చి డాక్టరుకి చూపిస్తన్నారా?" అని చుట్టాలు అడిగారు. పట్టించుకోలేదు.

మొదటిరోజు వాడు ఫోన్ ముందు నిలవలేదు. "వదిలెయ్యండమ్మా, వాడి ఆటే నేను చూడాలి" అన్నారు డాక్టరమ్మ. నర్సు ఫోన్ పట్టుకుని వాడి వెనకే తిరిగింది. తర్వాత నాకో ప్రశ్నల కాగితం, వాళ్ల మాస్టారికి ఇంకోటి ఇచ్చారు. ఈ లక్షణాలు ఇంట్లోనూ బడిలోనూ ఆరు నెలలుగా కనిపిస్తేనే ఏడీహెచ్‌డీ, అంటే కుదురుగా ఉండలేక, దేనిమీదా ధ్యాస నిలపలేకపోయే సమస్య అని తేలుస్తారట. ఆ కాగితం నింపుతూనే మాస్టారు మెత్తబడ్డారు. "అయితే వీడు కావాలని చెయ్యట్లేదన్నమాట" అని ముందు బెంచీలో కూర్చోబెట్టారు.

ఇంట్లో మారాల్సింది నేనే. "స్నానం చేసి, బట్టలేసుకుని, సంచి సర్దుకో" అని ఒక్క ఊపిరిలో చెప్పేదాన్ని. ఇప్పుడు ఒకటి అయ్యాకే ఇంకోటి. పది నిమిషాలు హోంవర్కు, కాసేపు వీధిలో పరుగు, మళ్లీ పది నిమిషాలు. పని చేసిన వెంటనే మెచ్చుకోవాలి, సాయంత్రం దాకా ఆగితే వాడికి అందదు.

లోపాలూ ఉన్నాయి. ఏడీహెచ్‌డీకి వాడే మిథైల్‌ఫెనిడేట్ మందు వీడియోలో రాయకూడదు, 2020 టెలిమెడిసిన్ నిబంధనల్లోనే ఉంది. మాకు రెండు నెలలు గడిచాక చెప్పారు. అప్పుడు తెల్లవారుజామునే బస్సెక్కి విశాఖ వెళ్లి రాయించుకున్నాం.

అంతకన్నా బాధపెట్టింది, రెండో ఏడాది ముగ్గురు డాక్టర్లు మారడం. ప్రతిసారీ కథంతా మొదటినుంచి చెప్పాలి, వాడి ఎదుటే. తన తప్పులన్నీ వింటూ వాడు తల దించుకునేవాడు. గట్టిగా అడిగితే మొదటి డాక్టరమ్మనే మళ్లీ ఇచ్చారు. మీరూ అలా అడగండి. నెలలో జరిగినవి ఒక నోటుపుస్తకంలో రాసి నర్సుతో ముందే పంపండి. మీరు చెప్పుకోవాల్సినవి పిల్లల్ని బయటకి పంపాక చెప్పండి.