ఏడీ9833 సిగ్నల్ జనరేటర్ మాడ్యూల్: మూడేళ్లు వాడాక

అడిగిన ఫ్రీక్వెన్సీలో సైన్, ట్రయాంగిల్, స్క్వేర్ తరంగాలు పుట్టించే బొటనవేలంత బోర్డు ఇది, మూడేళ్లుగా నా బల్ల మీదే ఉంది. యాంప్లిఫయర్లు, ఫిల్టర్లు పరీక్షించడానికి దాదాపు రోజూ వాడుతున్నాను. ఫ్రీక్వెన్సీ విషయంలో ఒక్కసారి కూడా నిరాశపరచలేదు. వోల్టేజీ సంగతి మాత్రం పూర్తిగా మనమే చూసుకోవాలి. కొనేముందు తెలుసుకోవలసింది ఇదే.

చిప్‌లోని ఫ్రీక్వెన్సీ రిజిస్టర్ (ఫ్రీక్వెన్సీ సంఖ్యను దాచుకునే చోటు) 28 బిట్లది, మాడ్యూల్ మీది క్లాక్ (చిప్‌కి లయ ఇచ్చే సిగ్నల్) 25 మెగాహెర్ట్జ్. అందుకే సుమారు 0.1 హెర్ట్జ్ తేడాతో కూడా ఫ్రీక్వెన్సీ సెట్ చేసుకోవచ్చు. 1000 హెర్ట్జ్ కావాలంటే రిజిస్టర్‌లో 10737 రాయాలి, దాన్ని 14 బిట్ల చొప్పున రెండు ముక్కలుగా పంపాలి.

నాకు అన్నిటికన్నా నచ్చింది వేరే ఉంది. ఫ్రీక్వెన్సీ మార్చినా తరంగం తెగదు, ఉన్నచోటి నుంచే కొత్త వేగం అందుకుంటుంది. ఒకసారి స్పీకర్ బాక్సుకి 20 హెర్ట్జ్ నుంచి నెమ్మదిగా పెంచుకుంటూ పోయాను. ఎక్కడా టప్పుమనే చప్పుడు లేదు. అందుకే 180 దగ్గర వెనక పలక జిర్రుమనడం స్పష్టంగా వినిపించింది. ఒక స్క్రూ బిగిస్తే పోయింది.

ఇక నష్టపోయిన సంగతి. సైన్, ట్రయాంగిల్ రెండూ సుమారు 0.6 వోల్టులు పీక్ టు పీక్ (అడుగు నుంచి శిఖరం దాకా) వస్తాయి. స్క్వేర్ మాత్రం సప్లై వోల్టేజీ అంతా ఇచ్చేస్తుంది. యాంప్లిఫయర్ వాల్యూమ్ తగ్గించకుండా సైన్ నుంచి స్క్వేర్‌కి మార్చాను. 0.6 ఉన్నచోట ఒక్కసారిగా 5 వోల్టులు వెళ్లాయి, ట్వీటర్ (హెచ్చు స్వరాల చిన్న స్పీకర్) కాలిపోయింది. ఆ రోజే అవుట్‌పుట్‌కి ఒక ఆప్‌-ఆంప్ బఫర్ (సిగ్నల్‌ని దన్నుగా అందించే చిన్న చిప్), వోల్టేజీ తగ్గించుకునే పొటెన్షియోమీటర్ కట్టాను. ఇంకోటి, సైన్ సున్నా కిందికి దిగదు, అంతా పాజిటివ్‌లోనే ఊగుతుంది. కాబట్టి ఆడియోకి వాడేటప్పుడు వరుసలో కెపాసిటర్ తప్పనిసరి.

స్క్వేర్‌లోనే ఇంకో చిక్కు. ఏ తరంగం రావాలో చెప్పే కంట్రోల్ రిజిస్టర్‌లో హెక్స్ (16 ఆధారంగా రాసే సంఖ్య) 2020 రాస్తే అడిగిన దానిలో సగం ఫ్రీక్వెన్సీయే వస్తుంది. 2028 రాయాలి. ఈ ఒక్క బిట్ కోసం ఒక సాయంత్రమంతా వైర్లు మార్చుకుంటూ కూర్చున్నాను. చిప్‌కి డేటా పంపే ఎస్పీఐ లింకుని మోడ్ 2లో పెట్టడం కూడా మరిచిపోవద్దు.

12.5 మెగాహెర్ట్జ్ దాకా వస్తుందని చెప్తారు. లెక్క ప్రకారం నిజమే, కానీ 5 మెగాహెర్ట్జ్ దగ్గర ఒక సైకిల్‌కి 5 శాంపిళ్లే (తరంగాన్ని గీసే చుక్కలు) ఉంటాయి. ఫిల్టర్ లేకుండా స్కోప్‌లో (తరంగాన్ని తెర మీద చూపే ఆసిలోస్కోప్) చూస్తే అది సైన్‌లా కనిపించదు. నేను 1 మెగాహెర్ట్జ్ దాటను.

ఈ మధ్య రెండోది తెప్పించాను, 90 డిగ్రీల తేడాతో రెండు సైన్‌లు కావాల్సి వచ్చి. దేని క్లాక్ దానిదే కావడంతో స్కోప్ మీద ఒకటి ఆగితే ఇంకోటి మెల్లగా జరిగిపోతూ ఉండేది. రెండో బోర్డు మీది ఆసిలేటర్ ఊడదీసి, మొదటిదాని క్లాక్‌నే చిన్న వైరుతో అందించాను. రెండింటినీ ఒకేసారి రీసెట్ నుంచి వదిలి, ఒకదాని ఫేజ్ రిజిస్టర్‌లో 1024 రాశాను, పూర్తి చుట్టుకి 4096 కాబట్టి. స్కోప్‌ని ఎక్స్-వై మోడ్‌లో (ఒక సిగ్నల్‌ని అడ్డంగా, ఇంకోదాన్ని నిలువుగా గీసే పద్ధతి) పెడితే గుండ్రటి వలయం కదలకుండా నిలబడింది.