ఇంగ్లిష్ పర్యాయపదాల తేడా పట్టుకోవడానికి ఏది మేలు?

కర్నూలులో బ్యాంకు పరీక్షలకు, గ్రూప్స్‌కు చదివే పిల్లల దగ్గర ఇంగ్లిష్ కోసం మామూలుగా మూడు కనిపిస్తాయి. కోచింగ్‌లో ఇచ్చే సినానిమ్స్ జాబితా, ఇంగ్లిష్–తెలుగు నిఘంటువు, ఇంగ్లిష్‌లోనే అర్థం చెప్పే లెర్నర్స్ డిక్షనరీ. ఒకేలా కనిపించే మాటల తేడా తెలియాలంటే నా ఓటు మూడోదానికే.

జాబితా సంగతి ముందే తేల్చేద్దాం. వారంలో పరీక్ష ఉంటే అది పనికొస్తుంది, బస్సులో కూడా తిరగేయొచ్చు. కానీ 'స్టీల్', 'రాబ్' పక్కపక్కన రాసి ఊరుకుంటుంది. ఖాళీ పూరించే ప్రశ్న వస్తే అక్కడే మార్కు పోతుంది. స్టీల్ తర్వాత పోయిన వస్తువు పేరు రావాలి, రాబ్ తర్వాత దోపిడీకి గురైన మనిషో చోటో రావాలి. డబ్బును స్టీల్ చేస్తారు, బ్యాంకును రాబ్ చేస్తారు.

తెలుగు నిఘంటువును మాత్రం తక్కువ చేయలేను, అందులోనూ సీమలో. 1820లో ఉద్యోగం మీద కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్ తెలుగు నేర్చుకుని నిఘంటువులే కూర్చాడు. ఆయన బంగళా ఉన్నచోట ఇప్పుడు ఆయన పేరుతో గ్రంథాలయం నడుస్తోంది. కొత్త మాట అర్థం వెంటనే మనసుకెక్కాలంటే తెలుగును మించిన దారి లేదు.

చిక్కల్లా రెండు ఇంగ్లిష్ మాటలకు మనకు ఒకటే మాట ఉన్నచోట వస్తుంది. కరువునే తీసుకోండి. 'డ్రౌట్' అన్నా కరువే, 'ఫామిన్' అన్నా కరువే. వానలు పడక నేల, చెరువులు ఎండిపోతే డ్రౌట్. తినడానికి తిండి దొరక్క జనం అల్లాడి చనిపోతే ఫామిన్. 1876–78లో మన జిల్లాలను ఊడ్చేసిన ధాత కరువు ఫామిన్. అనంతపురంలో వేరుశనగ ఎండిపోయి ప్రభుత్వం కరువు మండలాలు ప్రకటిస్తే అది డ్రౌట్. ఎస్సేలో ఈ రెండోదాన్ని ఫామిన్ అని రాశారంటే, పంట నష్టం గురించి చెప్పబోయి ఆకలిచావుల గురించి చెప్పినట్టే.

లెర్నర్స్ డిక్షనరీ పుట్టిందే ఇంగ్లిష్ సొంతభాష కానివాళ్ల కోసం. జపాన్‌లో ఇంగ్లిష్ పాఠాలు చెప్పిన ఎ.ఎస్. హార్న్‌బీ మరో ఇద్దరితో కలిసి తయారుచేసిన డిక్షనరీ 1942లో టోక్యోలో అచ్చయింది. దాన్నే 1948లో ఆక్స్‌ఫర్డ్ వేసింది. 1978లో వచ్చిన లాంగ్‌మన్ అయితే అర్థాలన్నీ సుమారు 2000 తేలిక మాటల్లోనే చెప్పింది. వీటి అసలు బలం ఉదాహరణ వాక్యాలు. వానకు 'హెవీ' అనాలని, గాలికి, టీకి 'స్ట్రాంగ్' అనాలని ఆ వాక్యాలు చూస్తేనే తెలుస్తుంది.

తెలుగు మీడియంలో చదివినవాళ్లకు మొదట్లో టెన్షన్‌గానే ఉంటుంది. వాళ్లు ముందు తెలుగు అర్థం చూసుకుని, ఆ తర్వాత ఇది తెరిస్తే సరిపోతుంది. పుస్తకం ఖరీదనిపిస్తే ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, లాంగ్‌మన్ మూడూ నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. నోట్సులో మాత్రం అర్థం ఒక్కటే ఎక్కించుకోకండి, దాని కింద ఉన్న వాక్యాన్ని కూడా పూర్తిగా రాసుకోండి.