ఆరేళ్ల బ్యాకప్, మూడు రీస్టోర్లు: ఏం తిరిగొచ్చింది, ఏం రాలేదు

ఫోన్ బ్యాకప్ గురించి చెప్పేవాళ్లు ఎక్కువగా బ్యాకప్ తీసిన రోజు సంగతే చెబుతారు. అది పనికొచ్చిందో లేదో తెలిసేది రీస్టోర్ చేసిన రోజున, అంటే దాన్ని ఫోన్‌లోకి తిరిగి ఎక్కించుకున్న రోజున. ఆరేళ్లలో నాకు అలాంటి రోజులు మూడు వచ్చాయి: అప్‌డేట్ మధ్యలో ఫోన్ మొరాయించినప్పుడు ఒకటి, ఫోన్ మార్చినప్పుడు ఒకటి, మా చెల్లి ఐఫోన్‌కి ఒకటి. ఈ సమీక్ష ఆ మూడు రోజుల లెక్క.

మొదటిసారి జరిగింది ఇది. పడుకోబోయే ముందు అప్‌డేట్ నొక్కి ఫోన్‌ని ఛార్జింగ్‌కి పెట్టాను. పొద్దున లేచేసరికి తెర మీద కంపెనీ లోగో, అంతే. ఆపి ఆన్ చేసినా లోగోనే. బటన్లు నొక్కిపట్టి రికవరీలోకి (ఫోన్ లేవనప్పుడు బాగుచేసుకోవడానికి ఉండే మెనూ) వెళ్లి క్యాష్, అంటే తాత్కాలిక ఫైళ్లు తుడిచాను, మళ్లీ లోగోనే. సర్వీస్ సెంటర్‌లో అబ్బాయి పావుగంట చూసి, "సాఫ్ట్‌వేర్ మళ్లీ ఎక్కించాలి సార్, డేటా పోతుంది, ఇక్కడ సంతకం పెట్టండి" అన్నాడు. ఫోటోలు లోపలే ఉన్నాయి కదా, కేబుల్ పెట్టి లాగలేరా అని అడిగాను. కుదరదన్నాడు. అతను చెప్పింది నిజమే. ఇప్పటి ఫోన్లలో ఫైళ్లన్నీ ఎన్‌క్రిప్ట్ అయి, అంటే తాళం పడి ఉంటాయి, వాటి తాళంచెవి ఆ ఫోన్ చిప్‌కీ మన స్క్రీన్ లాక్‌కీ ముడిపడి ఉంటుంది. ఫోన్ పూర్తిగా లేచి మనం పిన్ కొడితే తప్ప ఆ తాళం తెరుచుకోదు. రీసెట్ చేస్తే తాళంచెవే పోతుంది. దొంగల కోసం పెట్టిన ఏర్పాటు ఆ రోజు నన్నూ గుమ్మం బయటే నిలబెట్టింది.

అప్‌డేట్‌లో ఇలా ఇరుక్కోకుండా 2016లో ఆండ్రాయిడ్ 7తో ఒక మంచి పద్ధతి వచ్చింది. సిస్టమ్‌కి రెండు అరలు ఉంటాయి. మనం ఒకదాంట్లో పని చేసుకుంటుంటే కొత్త వెర్షన్ రెండోదాంట్లో ఎక్కుతుంది. అది లేవకపోతే ఫోన్ పాత అరకే తిరిగొస్తుంది. కానీ తయారీదారులందరూ దీన్ని వెంటనే తీసుకోలేదు. నా అప్పటి ఫోన్‌లో అది లేదు. మీ ఫోన్ అప్‌డేట్‌ని మీరు వాడుతుండగానే ఎక్కించుకుని, చివర్లో ఒక్కసారి రీస్టార్ట్ అడుగుతుంటే చాలావరకు ఈ పద్ధతే అనుకోవచ్చు.

సరే, సంతకం పెట్టాను. ఖాళీ ఫోన్ చేతికొచ్చింది. అకౌంట్‌తో లాగిన్ అయి క్లౌడ్ బ్యాకప్ నుంచి రీస్టోర్ మొదలుపెట్టాను. కాంటాక్ట్‌లు నిమిషంలో వచ్చేశాయి. అవి బ్యాకప్ గొప్పతనం కాదు, ముందునుంచీ అకౌంట్‌లో సింక్ అవుతున్నవే. ఎస్సెమ్మెస్‌లు, కాల్ హిస్టరీ, వైఫై పాస్‌వర్డ్‌లు వచ్చాయి. యాప్‌లు ఒక్కొక్కటే వరసగా దిగుతుంటే ప్రాణం కుదుటపడింది. తెరిచి చూస్తే సగం యాప్‌లు నన్ను ఎరగనట్టే "స్వాగతం" అన్నాయి. ఆండ్రాయిడ్ ఆటో బ్యాకప్ ఒక్కో యాప్ నుంచి 25 ఎంబీ దాకానే డేటా తీసుకుంటుంది. పైగా యాప్ తయారుచేసినవాళ్లు వద్దనుకుంటే అదీ ఉండదు. నా నోట్స్ యాప్‌కి సొంత ఎక్స్‌పోర్ట్ బటన్ ఉంది. రెండేళ్లలో ఒక్కసారీ నొక్కలేదు.

ఫోటోలు సింక్‌లో ఉన్నాయి కాబట్టి బతికాయి. పోయింది ఎవరూ పట్టించుకోని ఫోల్డర్: వాయిస్ రికార్డులు. నాన్న తన చిన్ననాటి కబుర్లు చెబుతుంటే రికార్డు చేసిన ఫైళ్లు పదకొండు ఉండేవి. అందులో నాలుగు ఎప్పుడో చెల్లికి వాట్సాప్‌లో పంపాను, తన దగ్గర దొరికాయి. మిగతా ఏడూ లేవు.

అందుకే నా లెక్కలో క్లౌడ్ బ్యాకప్‌కి పదికి ఆరు. ఫోన్‌ని మళ్లీ వాడుకునే స్థితికి తేవడంలో దానికి తిరుగులేదు. ఫోన్‌లో ఉన్నదంతా దాచడం మాత్రం దాని పని కాదు, బ్యాకప్ అన్న పేరు చూసి మనం అలా అనుకుంటాం. ఫోటో సింక్‌తోనూ ఇదే చిక్కు. సింక్ అంటే అద్దం లాంటిది. ఇక్కడ తుడిస్తే అక్కడా పోతుంది, కొన్నాళ్లు ట్రాష్‌లో ఉంటుంది, అంతే.

క్లౌడ్‌కి ఇంకో జబ్బు, మూగగా ఆగిపోవడం. గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీని మెయిల్, డ్రైవ్, ఫోటోలు పంచుకుంటాయి. 2024 నుంచి ఆండ్రాయిడ్ వాట్సాప్ బ్యాకప్ కూడా అందులోంచే తింటోంది. నిండితే బ్యాకప్ ఆగుతుంది. నోటిఫికేషన్ వస్తుంది, మనం పక్కకి తోసేస్తాం. స్విచ్ ఆన్‌లోనే కనిపిస్తుంది కాబట్టి అంతా బాగుందనుకుంటాం. నేనిప్పుడు స్విచ్ చూడను, "చివరి బ్యాకప్" పక్కనున్న తేదీ చూస్తాను. ఇంకోటి, ఫోన్‌ని 57 రోజులు వాడకుండా పక్కన పడేస్తే దాని బ్యాకప్‌ని గూగుల్ చెరిపేయవచ్చు. పాత ఫోన్ బ్యాకప్ ఎక్కడో భద్రంగా ఉందని ధీమాగా ఉండకండి.

వాట్సాప్‌ది వేరే సంసారం. ఫోన్ బ్యాకప్‌తో సంబంధం లేకుండా దాని సెట్టింగ్స్‌లో విడిగా తీయాలి. వీడియోలు చేర్చాలా అన్న స్విచ్ మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది, చూసుకోండి. రీస్టోర్‌కి అదే నంబర్, అదే గూగుల్ అకౌంట్ ఉండాలి. నంబర్ వెరిఫై చేయగానే రీస్టోర్ చేయాలా అని అడుగుతుంది. కంగారులో "వద్దు" నొక్కి, యాప్ తీసేసి మళ్లీ ఎక్కించుకున్నవాళ్లలో నేనూ ఒకణ్ని. ఆ బ్యాకప్‌కి ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ (మనకు తప్ప ఎవరికీ తెరుచుకోని తాళం) పెట్టుకుంటే పాస్‌వర్డ్ గానీ 64 అంకెల కీ గానీ ఉంటుంది. కాగితం మీద రాసుకోండి. అది పోతే వాట్సాప్ వాళ్లు కూడా ఏమీ చేయలేరు.

నాకు నిజంగా టెన్షన్ పెట్టింది మాత్రం ఆరంకెల కోడ్‌లిచ్చే ఆథెంటికేటర్ యాప్. నేను వాడేది అప్పట్లో కోడ్‌లను ఫోన్‌లోనే ఉంచుకునేది. మెయిల్‌లోకి వెళ్లాలంటే కోడ్ కావాలి, కోడ్ ఉన్న ఫోన్ తుడిచేశారు. యాప్ లేనప్పుడు వాడుకోమని ముందే ఇచ్చే రికవరీ కోడ్‌లను రాసి పుస్తకంలో మడిచి పెట్టిన కాగితం ఆ రోజు నన్ను కాపాడింది. గూగుల్ ఆథెంటికేటర్‌కి 2023 ఏప్రిల్‌లో అకౌంట్ సింక్ వచ్చింది. అయినా ఆ కాగితం ఇప్పటికీ అదే పుస్తకంలో ఉంది. బ్యాంకు యాప్‌లు ఏ బ్యాకప్‌తోనూ రావు, మళ్లీ మొదటినుంచి రిజిస్టర్ చేసుకోవాల్సిందే. ప్రయాణం పెట్టుకుని ముందు రోజు రాత్రి పెద్ద అప్‌డేట్ నొక్కొద్దని అందరికీ చెప్పేది ఇందుకే.

చెల్లి ఐఫోన్ దగ్గర క్లౌడ్‌లో ఉచితం 5 జీబీయే, అది ఎప్పుడో నిండిపోయింది. అందుకని కేబుల్‌తో కంప్యూటర్‌లోకే బ్యాకప్ తీస్తాను. నిజం చెప్పాలంటే ఈ ఆరేళ్లలో నేను చూసినవాటిలో ఇదే మేలైనది, పదికి ఎనిమిదిన్నర. రీస్టోర్ చేశాక ఐకాన్లు కూడా ఉన్నచోటే ఉన్నాయి. ఒక్క టిక్కు మరవకూడదు: ఎన్‌క్రిప్ట్ చేయమనే పెట్టె. అది లేకపోతే సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లు, హెల్త్ డేటా బ్యాకప్‌లోకి రావు. పెట్టాక ఆ పాస్‌వర్డ్ మరిచిపోతే ఆ బ్యాకప్ మీద ఆశ వదులుకోవాల్సిందే. అప్‌డేట్‌లో ఐఫోన్ ఆగిపోయి రికవరీ మోడ్‌లోకి వెళ్తే కంప్యూటర్ రెండు దారులు చూపిస్తుంది. ముందు "అప్‌డేట్" నొక్కాలి, డేటా ఉంచి సాఫ్ట్‌వేర్ మళ్లీ ఎక్కించడానికి చూస్తుంది. "రీస్టోర్" నొక్కితే అంతా తుడిచేస్తుంది. పేరు వింటే ఏదో తిరిగిచ్చేలా ఉంటుంది గానీ, చేసేది ముందు తుడవడం.

రెండు రకాల ఫోన్లలోనూ ఒక నియమం ఒకటే. కొత్త వెర్షన్‌లో తీసిన బ్యాకప్ పాత వెర్షన్ ఉన్న ఫోన్‌లోకి ఎక్కదు. అప్‌డేట్ నచ్చకపోతే వెనక్కి వెళ్లొచ్చులే అనుకునేవాళ్లు అప్‌డేట్‌కి ముందు తీసిన బ్యాకప్‌ని విడిగా ఉంచుకోవాలి.

ఇప్పుడు నా పద్ధతి: నెలనెలా వచ్చే సెక్యూరిటీ అప్‌డేట్‌కి చివరి బ్యాకప్ తేదీ ఒక్కటి చూసి నొక్కేస్తాను. పెద్ద వెర్షన్ వస్తే రెండు వారాలు ఆగి, కేబుల్ పెట్టి కెమెరా, రికార్డులు, డాక్యుమెంట్లు, డౌన్‌లోడ్‌లు, వాట్సాప్ ఫోల్డర్లను కంప్యూటర్‌లోకి కాపీ చేసుకుంటాను. మొత్తం ఒకేసారి లాగితే మధ్యలో ఆగి, ఎక్కడిదాకా వచ్చిందో కూడా చెప్పదు. ఫోల్డర్ తర్వాత ఫోల్డర్ తీయాలి. ఇలా కాపీ చేస్తే ఫైళ్ల మీద తేదీలు చాలాసార్లు మారిపోతాయి. కెమెరా ఫోటోలకు లోపల అసలు తేదీ ఉంటుంది గానీ వాట్సాప్ ఫోటోలకు తేదీ ఉండేది ఫైల్ పేరులోనే. వాటి పేర్లు మార్చకండి. కాపీ అయ్యాక నాలుగైదు వీడియోలు కంప్యూటర్‌లో తెరిచి చూస్తాను. ఒకసారి అలా చూస్తేనే సున్నా కేబీ ఫైళ్లు బయటపడ్డాయి.

ఫోన్ మార్చిన రోజు రీస్టోర్ అయిపోయాక కూడా పాతదాన్ని నెల రోజులు తుడవలేదు. ఏది రాలేదో వాడుతుంటేనే తెలుస్తుంది. మూడో వారంలో తెలిసింది, రికార్డర్ ఫోల్డర్ ఈసారీ రాలేదు. పాత ఫోన్ తీసి ఆ నాలుగు ఫైళ్లూ, తర్వాత కొత్తగా చేసినవీ కేబుల్‌తో తెచ్చుకున్నాను.