నుమాయిష్‌లో కొన్న లిప్ బామ్, రెండు నెలలు వాడాక

ఫిబ్రవరిలో నుమాయిష్‌కి పోయినప్పుడు ఒక స్టాల్‌లో చిన్న రేకు డబ్బా లిప్ బామ్ కొన్నా, 120 రూపాయలు, ఇంట్లోనే చేస్తారంట. అంతకుముందు వాడింది ఇంకోటి, పేరు వద్దులే, రాయగానే చల్లగా జివ్వుమనేది, అబ్బ భలే పనిచేస్తుందే అని గంటకోసారి పూసేదాన్ని, పెదాలేమో ఇంకా పొట్టు లేచేవి. ఆ జివ్వుమనేది మెంథాల్, కర్పూరం, దానికీ తేమకీ సంబంధమే లేదు, పగిలిన చోట పైగా మంట.

దీంట్లో నాలుగే: ఆముదం, షియా బటర్, తేనెమైనం, కొబ్బరి నూనె. పెదాల తోలు బాగా పల్చన, మిగతా మొహానికి ఉన్నట్టు నూనె ఊరదు, అందుకే నుదురు జిడ్డు కారుతున్నా పెదాలు ఎండుతుంటాయి. ఎండినప్పుడు పైపొర అంచులు లేచి సందులు పడతాయి కదా, ఆముదం, షియా లాంటి ఎమోలియెంట్లు ఆ సందుల్లో సర్దుకుని నున్నగా చేస్తాయి, మైనం పైన మూతేసినట్టు లోపలి తడి పోకుండా ఆపుతుంది. కానీ తడి మాత్రం ఇవి తేవు, ఉన్నదాన్నే కాపాడతాయి. అందుకే నేను అన్నం తిని మూతి కడుక్కుని, తడి పూర్తిగా ఆరకముందే రాస్తున్నా, తేడా తెలిసిపోతుంది. ఆముదం చిక్కన కాబట్టి తొందరగా జారిపోదు, కాస్త మెరుపు కూడా, లిప్‌స్టిక్కుల్లో దాన్ని వాడేది అందుకే, రంగు పొడి దాంట్లో బాగా కలుస్తుంది. కొందరికి పడదు, దురదొస్తే ఆపేయండి.

ఇక నా ఘనకార్యం. మార్చిలో స్కూటీ డిక్కీలో మర్చిపోయా, సాయంత్రానికి నూనె నూనె. మర్నాడు గట్టిపడింది కానీ పెదాలకి రాస్తే రవ్వ రుద్దినట్టు గరగర, కల్తీ సరుకు అంటగట్టారని తిట్టుకున్నా. అమ్మ వేలితో తీసి చూసి "పూసకట్టిన నెయ్యిలా ఉందే" అంది. నిజంగా అదే, షియా నిదానంగా చల్లారితే అట్లా పలుకులు కడుతుంది, పాడవ్వలేదు. డబ్బాని వేడినీళ్ల గిన్నెలో పెట్టి పూర్తిగా కరిగించి వెంటనే ఫ్రిజ్‌లో పెడితే మళ్లీ నున్నగా అయింది.

నచ్చనిది ఏంటంటే డబ్బా మీద తయారీ తేదీ లేదు. నూనెలు ముక్కిపోతాయి కదా, ఎప్పటిదో తెలియకపోతే ఎట్లా? ఎండలో తిరిగేవాళ్లకి ఎస్‌పీఎఫ్ కూడా లేదు. తడి ఆపడం వరకైతే మామూలు పెట్రోలియం జెల్లీ దీనికన్నా గట్టిది, చవక, ముక్కిపోయే బాధ కూడా లేదు, కాకపోతే జిగటగా పైపైన ఉంటుంది, పగలు దుమ్ము అంటుకుంటుంది. రాత్రి జెల్లీ, పగలు ఇది, నా లెక్క. డబ్బాలో ఇంకో వారానికి సరిపడా ఉంది, నుమాయిష్ మళ్లీ జనవరిలోనే కాబట్టి ఆ తర్వాత రెండు పూటలా జెల్లీయే.