మతాల మీద ఇంప్లిసిట్ అసోసియేషన్ టెస్ట్: రెండు వేళ్ళతో పది నిమిషాలు

ఉద్యోగాలకి వచ్చిన అప్లికేషన్లు వడపోసి, ఇంటర్వ్యూలకి పిలిచే పని నాది. పేరు చూడగానే మతం తెలిసిపోతుంది. అయినా నాకు ఆ పట్టింపు లేదని పన్నెండేళ్ళుగా చెప్పుకుంటున్నాను. "అంత నమ్మకముంటే ఇది చెయ్యి నాన్నా" అని మా అమ్మాయి, మనకే తెలియని మొగ్గుని కొలిచే పరీక్షలుండే ప్రాజెక్ట్ ఇంప్లిసిట్ వెబ్‌సైట్ తెరిచి ల్యాప్‌టాప్ నా ముందుకి తోసింది.

ఆంథొనీ గ్రీన్‌వాల్డ్, మహ్జరీన్ బనాజీ, బ్రయన్ నోసెక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1998లో మొదలుపెట్టిన సైట్ ఇది. డబ్బు కట్టక్కర్లేదు. వాళ్ళ పరీక్షల్లో మతాల మీద కూడా ఒకటుంది. మొదలుపెట్టే ముందే, మీరు ఒప్పుకోలేని ఫలితం రావచ్చు, సరేనా అని అడుగుతారు. నవ్వుకుని సరే నొక్కాను.

తెర మధ్యలో ఒక్కో మాట వస్తుంది. ఎడమ గుంపుదైతే కీబోర్డు మీద 'E' నొక్కాలి, కుడి గుంపుదైతే 'I'. మొదట ఒక మతానికీ మంచి మాటలకీ ఒకే మీట. కాసేపటికి ఆ చోటులోకి ఇంకో మతం వస్తుంది. తప్పు నొక్కితే ఎర్ర గుర్తు. ఎంత త్వరగా నొక్కామో సెకనులో వెయ్యో వంతు దాకా లెక్క. మంచి మాటలతో ఏ మతం జతపడ్డప్పుడు వేలు త్వరగా కదిలితే, మనసు అటే మొగ్గుతుందని అర్థం. మతం మారగానే నా వేళ్ళు మొరాయించాయి. మాట అర్థమైంది, ఏ మీటో తెలుసు, అయినా వేలు దిగదు. ఫలితం మా మతం వైపే మొగ్గింది.

స్కోరు చూసి టెన్షన్ పడక్కర్లేదు లెండి. మళ్ళీ చేస్తే మారొచ్చు. జాతి వివక్ష మీద జరిగిన అధ్యయనాలన్నీ కలిపి 2013లో లెక్కవేసిన పరిశోధకులు, ఈ స్కోరును బట్టి మనిషి ప్రవర్తన చెప్పడం కష్టమేనన్నారు.

నాకు వెలితిగా అనిపించింది వేరే. ఇందులో మాటలున్నాయి, మనుషులు లేరు.

పోయిన నెల ఇద్దరు ఇంటర్వ్యూకి అరగంట ఆలస్యంగా వచ్చారు. ఒకతను మా మతంవాడు. "దారిలో ఏమైందో పాపం" అనుకుని కుర్చీ చూపించాను. రెండో అతన్ని చూసి, "వీళ్ళకి టైమ్ విలువ ఎప్పుడు తెలుస్తుందో" అనుకున్నాను. వచ్చింది ఒక్కడే, నేను విసుక్కున్నది మాత్రం బహువచనంలో. మనవాళ్ళు తప్పు చేస్తే పరిస్థితుల మీదకి నెట్టడం, అవతలివాళ్ళు చేస్తే వాళ్ళ గుణమే అంత అనడం గురించి సామాజిక మనస్తత్వవేత్త థామస్ పెటిగ్రూ 1979లోనే రాశాడు. అవతలి మనిషి మంచి చేసినా లాభం లేదట, అతన్ని మినహాయింపు కింద పక్కన పెట్టేస్తామట.

ఈ పరీక్షకైతే అయిదుకి మూడున్నర ఇస్తాను. చెయ్యండి, అయితే రాత్రి అలిసిపోయి కూర్చుని చెయ్యకండి.

ఆ మినహాయింపు సంగతి చదివాక మా ఆఫీసులో ఒకాయన గుర్తొచ్చారు. పని బాగా చేశారని మెచ్చుకుంటూ, "మీరు మిగతావాళ్ళలా కాదండీ" అన్నాను ఒకసారి.

"మిగతావాళ్ళు ఎలా ఉంటారు సార్?" అని అడిగారాయన, మామూలుగానే.

ఫోన్ వచ్చినట్టు నటించి లేచిపోయాను.